విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా పిల్లలకు చదవడం వచ్చో రాదో ముందు మాకు చెప్పండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రాథమిక తరగతుల పిల్లల పఠన సామర్థ్యం గురించి మేము పెట్టుకున్న వినతిపత్రాలకు చాలా కాలం తర్వాత మీ కార్యాలయం నుంచి ఒక జవాబు అందింది. నేటి పాఠశాల విద్య నాణ్యతపై సమాజంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని, వాటన్నింటినీ పరిశీలిస్తున్నామని అందులో రాశారు. మా పిల్లల్లో ఎవరికి చదవడం వచ్చు, రానివారికి ఎప్పటిలోగా నేర్పుతారు అని మేము అడిగిన ప్రశ్నకు మాత్రం అందులో ఒక్క వాక్యమైనా లేకపోవడం మమ్మల్ని ఎంతగానో బాధించింది. అందుకే ఈ లేఖను అందరి ఎదుట రాయవలసి వస్తోంది.

భిన్నాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. చదువు దిగజారిపోయిందనేవారు, పలు దేశాల్లో పదిహేనేళ్ల విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష అయిన పీసాను చూపుతారు. 2018కీ 2022కీ మధ్య ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల గణితం సగటు దాదాపు 15 పాయింట్లు పడిపోయింది. అందరూ ఆదర్శంగా చెప్పుకున్న ఫిన్లాండ్ కూడా 2006లో గణితంలో 548 పాయింట్లు సాధించి, 2022 నాటికి 484కు దిగింది. ఒకప్పటి పాఠశాలలను, ఈనాటి తరగతి గదులను పోల్చడమే అన్యాయమని రెండో పక్షం వారు అంటారు. పూర్వం చదువు అబ్బని పిల్లలు మధ్యలోనే బడి మానేసేవారు, పేదింటి ఆడపిల్లల్లో చాలామంది బడి గడపే తొక్కేవారు కాదు, మిగిలిన కొద్దిమంది చక్కగా చదివితే దాన్నే ఆనాటి విద్యా ప్రమాణంగా మనం గుర్తుపెట్టుకున్నాం అన్నది వారి వాదన. నాకు ఈ రెండో వాదనే ఎక్కువ న్యాయంగా తోస్తుంది. అయితే తమ ఇంట తొలిసారి బడికి వచ్చిన పిల్లవాణ్ని తరగతిలో కూర్చోబెట్టి, అయిదేళ్ల తర్వాత కూడా చదవడం నేర్పకుండా పైకి పంపితే, వాణ్ని బడిలో చేర్చుకున్నందుకు మనం గర్వపడగలమా? తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో దాదాపు 70 శాతం మంది ఒక సరళమైన పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యునిసెఫ్ తదితర సంస్థలు కలిసి 2022లో అంచనా వేశాయి. ఈ ఒక్క విషయంలో ఏ పక్షం వారికీ భేదాభిప్రాయం ఉండడానికి వీల్లేదు.

ఈ లోటు ఇంట్లో ఎలా దాగి ఉంటుందో మీకు వివరంగా చెప్పుకోనివ్వండి. మొదటి రెండు తరగతుల్లో గుణింతాలు, ఒత్తులు కుదరని పిల్లవాడు మూడో తరగతికి వచ్చేసరికి పాఠాన్ని చూసి చదవడం మానేసి, విని గుర్తుపెట్టుకోవడం అలవాటు చేసుకుంటాడు. బోర్డు మీద రాసిన జవాబును బొమ్మ గీసినట్టు అందంగా దించుకుంటాడు, నోటుపుస్తకం నిండుతుంది, దాన్ని చూసి తల్లిదండ్రులు సంతోషిస్తారు. పరీక్షలో చెప్పి రాయించిన ప్రశ్నలే వస్తాయి కాబట్టి ప్రగతి పత్రంలో మంచి గ్రేడు పడుతుంది. ఆపై తరగతుల్లో కూడికలు, తీసివేతలు వచ్చినా లెక్కను వాక్యంగా ఇస్తే చేయలేడు, ఎందుకంటే ఆ వాక్యమే వాడికి అందదు. దాన్ని లెక్కల్లో వెనుకబాటు అనుకుని మేము ట్యూషన్ పెట్టిస్తాం. సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా అలాగే ఒకదాని వెనుక ఒకటి చేజారిపోతాయి. చివరికి ఉన్నత పాఠశాలలో ఎవరో ఒక ఉపాధ్యాయుడు పిల్లవాణ్ని లేపి పేరా చదవమన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి వాడికి సిగ్గు తెలిసే వయసు వస్తుంది, తోటివారి ముందు మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టడానికి ఒప్పుకోడు. ఆ పిల్లవాడు మొద్దు కాడు మంత్రి గారూ, వాడికి నేర్పవలసిన వయసులో నేర్పలేదు, నేర్పలేదన్న సంగతి మాకూ చెప్పలేదు.

ప్రతి ప్రాథమిక విద్యార్థి చేతా చదివించి చూసి, ఫలితాన్ని ఇంటికి తెలియజేస్తామని మీ శాఖ మాట ఇచ్చింది. చదివించి చూశారు కూడా. ఆ వివరాలు ఉపాధ్యాయుల చేతుల మీదుగా యాప్‌లోకి ఎక్కాయి, అక్కడి నుంచి పై కార్యాలయాలకు వెళ్లాయి, మా ఇళ్లకు మాత్రం రాలేదు. మా పిల్లల గురించి మీకు తెలిసిన విషయం మాకెందుకు తెలియకూడదు? మా వాడు చదవలేడని వింటే మేము కుంగిపోతామని మీరు భావిస్తే, దయచేసి ఆ భయం పెట్టుకోకండి. తెలియక నష్టపోవడం కంటే తెలిసి బాధపడడమే మాకు మేలు.

ఉపాధ్యాయుల మీద నెపం వేయడానికి ఇది రాయడం లేదు. ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చోబెట్టుకుని, మధ్యమధ్యలో నమోదులు పూర్తిచేస్తూ, ఒక్కొక్క పిల్లవాడి పక్కన కూర్చుని చదివించడం ఎవరికైనా కష్టమే. ఆ సమయం వారికి దొరికేలా చూడవలసిన బాధ్యత మీది. డిజిటల్ బోర్డులు వచ్చినందుకు సంతోషమే గాని, విద్యలో సాంకేతికత వల్ల కలిగే మేలుకు గట్టి, నిష్పాక్షికమైన ఆధారాలు తక్కువగానే ఉన్నాయని యునెస్కో 2023 నివేదిక చెప్పిన సంగతి మీకు తెలియనిది కాదు.

కాబట్టి మళ్లీ వేడుకుంటున్నాం. ఇప్పటికే సేకరించిన పఠన ఫలితాలను ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ప్రతి తల్లికీ తండ్రికీ అర్థమయ్యే మాటల్లో చెప్పించండి. చదవడం రాని పిల్లలకు, వారు ఏ తరగతిలో ఉన్నా సరే, పాఠ్యాంశాలు పూర్తిచేయాలన్న తొందర లేని ఒక గంటను రోజూ కేటాయించండి. ఆ గంటలో ఉపాధ్యాయుణ్ని మరే పనికీ పిలవవద్దని ఉత్తర్వు ఇవ్వండి. నాణ్యతపై చర్చలు జరగనివ్వండి, కమిటీలు వేయండి, మమ్మల్ని పిలిస్తే మేమూ వచ్చి మాట్లాడతాం. అవన్నీ తేలేవరకు ఈ పని ఆపవద్దు. ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు మీ నివేదిక వచ్చేదాకా మూడో తరగతిలోనే ఉండరు. ఈసారి జవాబులో ఒక తేదీ ఉండాలని కోరుతున్నాం.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున,
ఒక తండ్రి