గాలి లెక్క గురించి సత్యానికి

అమలాపురం

ఒరేయ్ సత్యం,

గాలితో తవ్వే రిగ్గు మీద పని దొరికిందని తెలిసి ఎంత సంతోషించానో! మన డెల్టాలో ఆ పద్ధతికి చోటు లేదు కదా. కిందంతా మెత్తటి మట్టి, ఇసుక, నీళ్లు, వాటికి తోడు గ్యాస్ ప్రెషర్. బావిలో ఉత్త గాలే ఉంటే ఆ ప్రెషర్‌ని అదిమిపట్టేదేదీ ఉండదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండడం చూసినవాళ్లం, బావిలో నింపే మడ్‌కి, అదే ఆ చిక్కటి బురదకి, బరువు ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మీ దగ్గర గట్టి రాయి, అదీ పొడి రాయి కాబట్టి గాలి పనికొస్తుంది.

ఇక నువ్వడిగింది, కంప్రెసర్లు ఎన్ని పెట్టాలని. అది తేల్చే ముందు, పైపులోంచి దిగిన గాలి పైపు చుట్టూ ఉన్న సందులోంచి రాతిపొడిని పైకి లేపడానికి ఎంత కావాలో తేలాలి. తూర్పారబట్టేటప్పుడు గాలి చాలకపోతే పొల్లు కూడా గింజల్లోనే పడిపోతుంది చూడు, ఇదీ అంతే. క్వారీల అనుభవం నుంచి వచ్చిన కొలత ఒకటుంది: మామూలు గాలి నిమిషానికి 3000 అడుగుల వేగంతో పోతే ఎంత మోయగలదో, బావిలో అన్ని చోట్లా కనీసం అంత మోయాలి. 8½ అంగుళాల బావిలో 4½ అంగుళాల పైపు ఉందనుకో. మధ్య ఖాళీ సుమారు 0.28 చదరపు అడుగులు. 3000తో గుణిస్తే నిమిషానికి 850 ఘనపుటడుగులు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు. ఇది బావి పైన సరిపోయే లెక్క. లోతు పెరిగేకొద్దీ పొడి బరువు, రాపిడి కలిసి అడుగున ప్రెషర్ పెంచుతాయి, దాంతో గాలి చిక్కబడి వేగం తగ్గుతుంది. చిక్కటి గాలి బాగా మోస్తుంది, నిజమే, కానీ ఆ లాభం పోయిన వేగాన్ని పూడ్చదు. అడుగున ప్రెషర్ పైనున్న దానికి నాలుగింతలైతే, వేడి సంగతి పక్కన పెట్టి చూసినా, సగం వేగం చాలు గానీ పైనుంచి పంపే గాలి రెట్టింపు కావాలి. అంటే నిమిషానికి 1700 ఘనపుటడుగులు. గాలి పెంచితే రాపిడీ పెరుగుతుంది, మళ్లీ లెక్క వేయాలి. అందుకే 1957లో ఏంజెల్ అనే ఇంజనీరు లోతుకీ, తవ్వే వేగానికీ తగ్గట్టు పట్టికలు తయారుచేశాడు. గాలికి బదులు నేచురల్ గ్యాస్ వాడితే, అది తేలిక కాబట్టి, ఇంకో మూడోవంతు దాకా వేగం పెరగాలి.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది డ్రిల్ కాలర్ల, అంటే బిట్ పైన ఉండే లావుపాటి బరువు గొట్టాల, పైభాగం. కాలర్ల చుట్టూ సందు ఇరుకు, గాలి జోరుగా పోతుంది. పైపు మొదలయ్యే చోట సందు ఒక్కసారి వెడల్పై జోరు పడిపోతుంది. పొడి పేరుకునేది అక్కడే. లెక్క అక్కడ వెయ్యి.

పనిలో ఉన్నప్పుడు బావిలోంచి దుమ్ముని బయటికి పంపే గొట్టం, అదే బ్లూయీ లైన్, దాని మీద కన్నేసి ఉంచు. దుమ్ము ధారగా వస్తుంటే పర్వాలేదు. తగ్గి, బావిలోకి గాలి పంపే స్టాండ్‌పైప్‌లో ప్రెషర్ పెరుగుతుంటే తవ్వడం ఆపి గాలి ఆడించు. దుమ్ము తడిగా వస్తే నీళ్లు తగిలినట్టే. పొడి ముద్దకట్టి పైపుకి అతుక్కుంటుంది, గాలిలో నీటి తుంపర కలిపే మిస్ట్‌కో, నురగతో తవ్వే ఫోమ్‌కో మారాలి. మీథేన్ తగిలితే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దురా. గాలిలో అది 5 నుంచి 15 శాతం కలిస్తే అంటుకుంటుంది. అలాంటి పొర ఉందని ముందే తెలిస్తే గాలి వద్దు, నైట్రోజన్ అడుగు. ఖర్చని ఎవరన్నా పట్టు విడవకు.

కాలర్ల పొడవు, బావి సైజు, గంటకి ఎన్ని అడుగులు దిగుతున్నారో రాసి పంపు, ఇద్దరం కలిసి వేద్దాం. మొన్న మీ అమ్మగారు సంతలో కనిపించి నీ ఫోన్ రావట్లేదని బెంగపడ్డారు, ముందు ఆ పని చూడు.

నీ
రాంబాబు