ఉగాది నుంచి ఉగాది దాకా: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పిక్నిక్, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు, జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. దీపావళికి పులిహోర చాల్లేదన్న ఫిర్యాదు కూడా కార్యవర్గానికి చేరింది. మిగిలిన చోటంతా డాలస్ చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో ఉన్న మన పెద్దవాళ్ళకే కేటాయిస్తున్నాను. నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ మాత్రం సొంతంగా లేవలేనివాళ్ళు నెలలు, ఏళ్ళ తరబడి ఉండే చోటు.

పక్షవాతం వచ్చిన అమ్మనో, మతిమరుపు ముదిరిన నాన్ననో అక్కడ చేర్చిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి. నలుగురూ ఏమనుకుంటారోనని ఆ సంగతి బయటకు చెప్పరు. చెప్పకపోతే చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ ఉండరు. ఎవరూ రాని మంచం దగ్గరే నిర్లక్ష్యం పెరుగుతుందని ఏడాది తిరిగాక నాకు అర్థమైంది.

అక్టోబరులో ఒక హోముకి ఇద్దరం వెళ్ళాం. గుంటూరు వైపు పెద్దావిడ, ఎనభై దాటాయి. "బానే చూసుకుంటున్నారు నాయనా, మీకెందుకు శ్రమ" అంది. నేనైతే నమ్మేసి వచ్చేవాణ్ణి. నాతో వచ్చిన వాలంటీరు అక్క రిటైరైన నర్సు. అక్క ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. నీళ్ళ గ్లాసు కిటికీ పక్కన ఉంది, ఆవిడకి అందదు. నర్సుని పిలిచే బటన్ వైరు మంచం వెనక వేలాడుతోంది. పెద్దావిడని అడిగి దుప్పటి తీస్తే మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కినా తెల్లబడలేదు. పడక పుండుకి అదే మొదటి దశట. భోజనం ట్రే మూత తీస్తే చికెన్. కాగితాల్లో మాత్రం శాకాహారి అనే ఉంది.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ మనిషి రోజురోజుకీ కరిగిపోతోంది.

వాళ్ళబ్బాయి బరువు రికార్డు అడిగాడు. నెలలో అయిదు శాతం తగ్గినా సీరియస్‌గా తీసుకోవాలి, ఈవిడ అంతకంటే ఎక్కువే తగ్గింది. అమ్మని ఎలా చూసుకోవాలో సిబ్బందితో కలిసి మాట్లాడుకునే కేర్ ప్లాన్ మీటింగ్ పెట్టమన్నాడు, ఆంబుడ్స్‌మన్‌కి ఫోన్ చేశాడు. ఆంబుడ్స్‌మన్ అంటే నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ళ తరఫున మాట్లాడే మనిషి. సేవ ఉచితం, పేరు బయటపెట్టరు. ఆ తర్వాత ఒక పక్కకే ఉంచేయకుండా వేళకి ఒత్తిగిలించడం మొదలైంది. మచ్చ తగ్గింది. బరువు ఇంకా పూర్తిగా రాలేదు.

జనవరిలో ఆ అక్కే మనకి ఒక క్లాసు చెప్పింది. రక్తం పల్చబడే మందులు వాడే పెద్దలకి ఊరికే తగిలినా చర్మం కమిలిపోతుంది, కనక ప్రతి మచ్చనీ చూసి గోల చేయొద్దంది. రెండు జబ్బల మీదా వేళ్ళ అచ్చులు కనిపిస్తే, అడిగినప్పుడల్లా కారణం మారిపోతే మాత్రం వదలకూడదు. ఎప్పుడు వెళ్ళినా మగతగా ఉంటే ఏ మందు ఎందుకిస్తున్నారో అడగాలి. సిబ్బందికి వీలుగా ఉంటుందని మందులిచ్చి పడుకోబెట్టడం 1987 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. ఒక ఆయా లోపలికి రాగానే మనిషి ముడుచుకుపోతే అదీ గమనించాలి. మన మగవాళ్ళు డబ్బు సంగతి తప్ప అడగరని అక్క ఒక చురక కూడా వేసింది. నిజమే.

అనుమానం వస్తే నర్సింగ్ హోముల్ని తనిఖీ చేసే రాష్ట్ర హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. రుజువు వెతకడం వాళ్ళ పని. ఫిర్యాదు చేస్తే అమ్మని ఇంకా బాధపెడతారేమోనన్న టెన్షన్ అందరికీ ఉంది. అలా కక్ష తీర్చుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. టెక్సస్‌లో 2001 నుంచి గదిలో కెమెరా పెట్టుకునే హక్కు ఉంది. ఫారం ఇవ్వాలి, అదే గదిలో ఇంకొకరుంటే వాళ్ళ ఒప్పుదల కావాలి.

ఆయాల మీద కోపం పెట్టుకోకండి. ఒకే మనిషి చాలా మంచాలు చూసుకుంటోంది. మతిమరుపులో ఇంగ్లీషు మరిచిపోయిన పెద్దాయన "నొప్పి, నొప్పి" అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది? అందుకే నొప్పి, నీళ్ళు, చలి, బాత్రూమ్ అన్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన బొమ్మతో కార్డులు అచ్చు వేయించాం. ఒక ఆయా ఆ కార్డు చూసి "నోప్పి?" అని అడిగిందట. పెద్దాయన మోకాలు చూపించాడు.

వచ్చే ఏడాది వారానికి మూడు సందర్శనలు అనుకుంటున్నాం, ప్రతిసారీ ఒకే వేళకి కాకుండా. శనివారం రాత్రి భోజనం వేళకి ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు.