విశాఖలో కట్టే ఎగ్జిబిషన్ హాల్లో మా పట్టు మూటలకూ చోటుండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది బరంపురం, ఒడిశాలోని గంజాం జిల్లా. దేవాంగుల ఇల్లు, పట్టు నేత మా అత్తవారింట్లో తరాల నుంచి వస్తున్న పని. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మీ పేపర్ వస్తే ముందు మా మామగారు చదవాలి, ఆ తర్వాతే మాకు. విశాఖ తీరంలో పెద్ద కన్వెన్షన్ సెంటర్, ఎగ్జిబిషన్ హాళ్లు కావాలని తరచూ చదువుతున్నాం. కావాలి, తప్పకుండా కావాలి. కానీ ఆ రాతల్లో పెట్టుబడులు, విదేశీ ప్రతినిధులు, స్టార్ హోటల్ గదులు, ఇవే కనిపిస్తాయి తప్ప మూటలు మోసుకొచ్చి స్టాల్ వేసుకునేవాళ్ల మాట ఎక్కడా కనిపించలేదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

మూడేళ్ల కిందట దసరా ముందు విశాఖలో ఒక మైదానంలో పెట్టిన చేనేత ఎగ్జిబిషన్‌కి నేనూ మా ఆయనా వెళ్లాం. పది బై పది స్టాల్, ఇనుప పైపులు, పైన గుడ్డ, కింద మట్టి మీద పరిచిన ఎర్ర కార్పెట్. మొదటి రెండు రోజులు బేరాలు బాగానే సాగాయి. మూడో రోజు రాత్రి వాన పట్టుకుంది. మేం స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం, అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి పరుగు పెట్టాం, ఆటో దొరికి అక్కడికి చేరేసరికి గంట పైనే అయింది. పైకప్పు కారలేదు. నీళ్లు కింద నుంచి వచ్చాయి. కార్పెట్ మీద కాలు వేస్తే చుట్టూ బుడగలు కట్టి నీళ్లు పైకి ఉబికాయి. టేబుల్ కింద పెట్టిన రెండు మూటల్లో అడుగున ఉన్న బట్టలన్నీ మడతల దగ్గర తడిసిపోయాయి. తెల్లటి జోడు (మగవాళ్లు కట్టుకునే పట్టు పంచె) ఒకటి, ఎర్ర అంచుది, విప్పి చూస్తే ఎరుపు అరచేయంత మేర తెలుపులోకి దిగిపోయింది, గుడి గోపురాల వరసలా నేసే మా కుంభం అంచు ఆ మరకలో కలిసిపోయింది. మా అత్తగారు చూపు మందగించినా కూర్చుని కండెలు చుట్టి ఇచ్చిన పట్టు అది. ఒక్కో చీర మగ్గం మీద వారానికి పైనే ఉంటుంది, అలాంటివి పద్నాలుగు పాడయ్యాయి. నిర్వాహకులను అడిగితే వానకి మేమేం చేస్తామమ్మా అన్నారు. అద్దెలో ఒక్క రోజుది కూడా తగ్గించలేదు.

ఆ రాత్రి పక్క స్టాళ్లవాళ్లు కూడా మాలాగే తడిసిన సరుకు ముందేసుకుని కూర్చున్నారు. అందరిదీ ఒకటే సమస్య, మైదానంలో నేల పల్లం, నీరు పోయే దారి లేదు. గట్టి నేల, గట్టి కప్పు ఉన్న చోటు ఊళ్లో ఉంటే ఇది జరిగేది కాదు.

చిన్న ఎగ్జిబిషన్లే కాదండీ, 2023 మార్చి 3, 4 తేదీల్లో విశాఖలో జరిగిన గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ కూడా ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో తాత్కాలిక షెడ్లు వేసే జరిపారు, 2025 నవంబర్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు కూడా అక్కడే. అలాంటి వాటికి ఖర్చు పెట్టి నేల వేస్తారు, ఏసీలు పెడతారు, అయిపోయాక అంతా విప్పేస్తారు. బీచ్ రోడ్డులో ఏయూ కన్వెన్షన్ సెంటర్ ఉంది కదా అనొచ్చు. సభలకు, ఫంక్షన్లకు అది బాగానే ఉంటుంది, వందల స్టాళ్లు వేసే ఎగ్జిబిషన్ దారి వేరు. హార్బర్ పార్క్ దగ్గర లులు గ్రూప్ కన్వెన్షన్ సెంటర్‌కి 2018లో శంకుస్థాపన జరిగింది, ప్రభుత్వం మారాక 2019లో ఆ భూ కేటాయింపు రద్దయింది, 2025లో అదే గ్రూపుకి మళ్లీ భూమి ఇచ్చారు, ఈసారి షాపింగ్ మాల్ కోసం. మాల్ వస్తే రానివ్వండి. కానీ మాల్లో షాపు ఏడాది పొడుగునా అద్దె కట్టగలిగేవాళ్లకి, ఏడాదికి పది రోజులు సరుకు తెచ్చుకునేవాళ్లకి కాదు.

మా చిన్నమామగారు హైదరాబాద్ నుమాయిష్‌కి చాలా ఏళ్లు వెళ్లారు. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది, మామూలుగా ఏటా జనవరి 1న మొదలవుతుంది, నెలన్నర నడుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అని ఎవరూ అడగక్కర్లేదు, నాంపల్లి అంతే. కొన్నవాళ్లే మళ్లీ మరుసటేడు స్టాల్ వెతుక్కుంటూ వచ్చేవారట, పోయినసారి తీసుకున్న మామిడిపిందె రంగు చీరకి జత ఉందా అని అడిగేవారట. అది కాక అక్కడ 2003 నుంచి మాదాపూర్‌లో హైటెక్స్ అనే ఎగ్జిబిషన్ సెంటర్ ఉంది, పెద్ద పెద్ద హాళ్లతో. విశాఖలో మాకు ప్రతి ఏడూ టెన్షనే, ఈసారి ఏ మైదానం, ఏ తేదీలు, అసలు ఉంటుందా ఉండదా. పాత కస్టమర్‌కి ఫోన్ చేసి చెప్పాలంటే మాకే తెలియదు.

తుపాన్ల సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న మా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖని పట్టుకుంది, విమానాశ్రయం పైకప్పు కూడా దెబ్బతింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా పక్క గజపతి జిల్లాని ముంచేసింది. మూడూ అక్టోబర్ రెండో వారమే చూడండి. దసరా, దీపావళి బేరాలు కూడా అప్పుడే. పట్టు కొనేది జనం ఆ రోజుల్లోనే, తుపాను గాలి గుడారాలు లేపేసేది కూడా ఆ రోజుల్లోనే. సముద్రం పక్కన కట్టే హాలు హుద్‌హుద్ గాలిని తట్టుకునేలా కట్టాలి, నేల రోడ్డు కన్నా ఎత్తుగా ఉండాలి, చుట్టూ కాలువలుండాలి. గట్టిగా కడితే తుపాను రోజుల్లో పక్క మత్స్యకార బస్తీల వాళ్లకి తలదాచుకోవడానికి కూడా అదే హాలు పనికొస్తుంది.

ఇంకో మాట, లోపలి ఏర్పాట్ల గురించి. మొన్నటి ఎగ్జిబిషన్లో పొద్దున పది దాటితే బండి గేటు లోపలికి రానివ్వలేదు, గేటు నుంచి స్టాల్ దాకా మూటలు నెత్తిన మోశాం, మా ఆయనకి నడుం నొప్పి ఇప్పటికీ పోలేదు. స్టాళ్ల వెనకాలే బండి ఆగి సరుకు దించుకునే దారి, రాత్రి తాళం వేసుకునే గది, ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూమ్, పది రోజులు ఉండడానికి ఒక డార్మిటరీ. ఇవేవీ పెద్ద ఖర్చు కావు, కానీ ప్లాన్ గీసేటప్పుడే గీయాలి, తర్వాత అడిగితే చోటు లేదంటారు. అద్దె కూడా. వారం రోజుల స్టాల్ అద్దె మా ఇంట్లో ఒక మగ్గం నెల సంపాదన కన్నా ఎక్కువైతే ఎలా కట్టేది? ప్రభుత్వ భూమిలో కట్టేదైతే ఏడాదిలో ఇన్ని రోజులు, ఒక హాలు, చేనేతకీ చేతివృత్తులకీ తక్కువ అద్దెకి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయండి. ఊరికే మాటిస్తే ఆఫీసర్ మారగానే పోతుంది.

మేం వేరే రాష్ట్రం వాళ్లం కదా అని ఎవరైనా అనుకుంటారేమో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం కదల్లేదు, గీత కదిలింది. అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఇప్పటికీ కోరాపుట్, రాయగడ వాళ్లు ఆస్పత్రి అంటే విశాఖ, గుణుపురం నుంచి విశాఖకి పాసింజర్ నిండుగా వస్తుంది, బరంపురంలో పెళ్లి కుదిరితే బంగారానికి విశాఖ. ఇటు పర్లాకిమిడి కొమ్ము బొమ్మలున్నాయి, సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మలున్నాయి, కోరాపుట్ కాఫీ ఉంది, 2012లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన మా పట్టు ఉంది. వీటిలో చాలావాటికి దగ్గరున్న పెద్ద బజారు విశాఖే, భువనేశ్వర్ వాళ్లకి మేం మరీ అంచున ఉన్నట్టు లెక్క. పూజల సెలవులకి ఒడిశా, బెంగాల్ జనం ఎంతమంది విశాఖ, అరకు వస్తారో మీకే తెలుసు, వాళ్లు కూడా కొనేవాళ్లే. హాలు బోర్డుల మీద తెలుగుతో పాటు ఒడియా ఒక వరస రాస్తే వాళ్లు ఇంకో గంట ఆగుతారు.

ఈ ఉత్తరం వేస్తే కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, మామగారు స్వయంగా చదవాలంటున్నారు. ఈ దసరాకి కూడా విశాఖలో స్టాల్ బుక్ చేశాం, మళ్లీ మైదానంలోనే. ఈసారి మూటల కింద వేయడానికి నాలుగు చెక్క పలకలు, రెండు టార్పాలిన్లు ముందే కట్టి పెట్టుకున్నాం.

ఇట్లు,
ఒక నేత ఇంటి కోడలు,
బరంపురం, గంజాం జిల్లా.