కుక్కల అజిలిటీ పోటీలను క్రీడగానే చూపండి

సంపాదకులకు నమస్కారం.

1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో ప్రేక్షకుల కాలక్షేపంగా మొదలైన కుక్కల అజిలిటీని, అంటే నడిపించేవారి సూచనలతో కుక్క అడ్డంకులు దాటుతూ పరుగెత్తే పోటీని, వింతవార్తగా కాక, నియమాలున్న క్రీడగా పరిచయం చేయాలని కోరుతున్నాను. అడ్డంకుల వరుసను న్యాయనిర్ణేతే రూపొందిస్తారు. కుక్కను నడిపించేవారు ముందుగా కుక్క లేకుండా ఆ దారిలో నడిచి, ఏ మలుపులో ఎటు నిలవాలో, ఎక్కడ చేయి చూపాలో మనసులో పెట్టుకుంటారు; కుక్కకు మాత్రం పరుగులోనే తొలిచూపు. పరుగు మధ్యలో దాన్ని తాకకూడదు. కుక్క దూకాల్సిన కడ్డీ పడినా, ఏటవాలు పలక దిగేటప్పుడు చివరనున్న రంగుభాగంపై పాదం మోపకుండా దూకేసినా ఐదేసి తప్పు పాయింట్లు పడతాయి. కుక్క కీళ్లను కాపాడే ఈ రంగుభాగం నియమం నాకు ఎంతో నచ్చింది. కుక్కల ఎత్తును బట్టి వర్గాలు విడదీయడమూ న్యాయమే. ఫలితాలు ప్రచురించేటప్పుడు దయచేసి సమయంతోపాటు తప్పుల లెక్క కూడా ఇవ్వండి.

– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్