ఆఖర్న వచ్చే పిల్లల్ని కూడా గ్రౌండ్‌లోకి రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్తే,

మాది వరంగల్ జిల్లా, చాలా ఏళ్ళుగా అమెరికాలో ఒహాయోలో ఉంటున్నాం. మా పెద్దమ్మాయి మొన్న మార్చిలో, తొమ్మిదో క్లాసులో ఉండగా, వాళ్ళ హైస్కూల్ ట్రాక్ టీమ్‌లో, అంటే పరుగుపందేల టీమ్‌లో చేరింది. అంతకుముందు ఏ ఆటా ఆడలేదు. సెలెక్షన్‌లో తీసేస్తే పిల్ల ఏమైపోతుందో అని నాకు రెండు రోజులు నిద్ర లేదు, తీరా చూస్తే సెలెక్షనే లేదు, డాక్టర్‌తో ఫిట్‌నెస్ ఫారం మీద సంతకం పెట్టించుకుని రోజూ ప్రాక్టీస్‌కి వస్తే చాలన్నారు. అన్నిటికీ ఇలా ఉండదు, బాస్కెట్‌బాల్‌కి గట్టిగానే ఏరేస్తారు, కానీ ట్రాక్‌కి చాలా స్కూళ్ళు వచ్చినవాళ్ళందర్నీ తీసుకుంటాయి. అక్కడి హైస్కూళ్ళలో అమ్మాయిలు అన్నిటికన్నా ఎక్కువగా చేరే ఆట ఇదే, దానికి అది కూడా ఒక కారణం అనుకుంటా.

మొదటి వారం ఉత్సాహంతో సీనియర్లతో సమానంగా పరిగెత్తి మోకాలి కింద ఎముక పొడుగునా నొప్పి తెచ్చుకుంది. కోచ్ కోప్పడలేదు, కొత్తవాళ్ళకి ఇది మామూలే, ఆయాసం తగ్గినంత తొందరగా ఎముకకి అలవాటు కాదు అని చెప్పి నాలుగు రోజులు పరుగు ఆపించి సైకిల్ తొక్కించింది. తర్వాత మొదటి మీట్, అంటే స్కూళ్ళ మధ్య పోటీ, అందులో 800 మీటర్లు, అంటే ట్రాక్ చుట్టూ రెండు రౌండ్లు. మొదటి రౌండ్‌లోనే సత్తువంతా పెట్టేసింది, రెండో రౌండ్‌లో కాళ్ళు రాలేదు, 3 నిమిషాల 41 సెకన్లకి అందరికన్నా ఆఖర్న వచ్చింది. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నా, అదేమో నేరుగా కోచ్ దగ్గరికెళ్ళి టైం ఎంత అని అడుగుతోంది. మే నెలలో ఆఖరి మీట్‌కి అదే పరుగు 3 నిమిషాల 9 సెకన్లు. అప్పుడు కూడా చివర్నుంచి మూడో స్థానమే, కానీ 32 సెకన్లు తగ్గించుకున్నా అమ్మా అని చెప్తున్నప్పుడు దాని మొహంలో వెలుగు నేను ఏ మార్కులకీ చూడలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ వేసవిలో ఊరికొచ్చినప్పుడు మా అన్నయ్య కూతురు, ఎనిమిదో క్లాసు, అక్కలాగా నేనూ పరిగెత్తుతా అత్తా అంది. స్కూల్లో అడిగితే మండల్ లెవెల్‌లో గెలిచేవాళ్ళనే ప్రాక్టీస్‌కి పిలుస్తాం అన్నారంట. నేను చదువుకున్నప్పుడూ ఇంతే, ఆటల పోటీలకి వారం ముందు అందర్నీ వరసగా నిలబెట్టి 100 మీటర్లు పరిగెత్తించేవాళ్ళు, ముందొచ్చిన ఇద్దర్ని ఉంచుకుని మిగతావాళ్ళని క్లాసుకి పంపేసేవాళ్ళు. అసలు 100 మీటర్లలో వెనకబడ్డ పిల్ల 1500లో బాగా పరిగెత్తొచ్చు, షాట్‌పుట్ వెయ్యొచ్చు, అది ఎవరికి తెలుస్తుంది?

మా జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో దేశం రికార్డు తన పేరు మీద రాసుకుంది. ఇద్దర్నీ ముందు గుర్తుపట్టింది స్కూల్లో పీఈటీ సార్లే. అలాంటి సార్ల కంట పడని పిల్లల సంగతే నా బాధ. పీఈటీ పోస్టులు ఖాళీగా ఉన్న స్కూళ్ళున్నాయి, గ్రౌండే లేని స్కూళ్ళున్నాయి, అవన్నీ నాకు తెలుసు, ఉన్నవాళ్ళ మీద ఎంత పని ఉందో కూడా తెలుసు.

కానీ గ్రౌండూ సారూ ఉన్న చోటైనా వారానికి మూడు సాయంత్రాలు వచ్చినవాళ్ళందర్నీ పరిగెత్తనివ్వండి, ప్రతి పిల్ల టైం ఒక నోటుబుక్కులో రాసి నెల తర్వాత మళ్ళీ చూపించండి. ముగ్గుపిండితో గీసిన లైన్లు, ఒక స్టాప్‌వాచ్, అదీ ఫోన్‌లోనే ఉంటుంది. విద్యాశాఖవాళ్ళు ఇలా చెయ్యమని స్కూళ్ళకి ఒక సర్క్యులర్ పంపిస్తే బావుంటుంది. మా మేనకోడలికి బూట్లు కొనిచ్చి వచ్చా, ప్రస్తుతానికి పొద్దున్నే చెరువు కట్ట మీద ఒక్కతే పరిగెత్తుతోంది.

ఇట్లు,
ఒక తల్లి, ఒహాయో