నడిపించే యంత్రం ఒక్కటే పంపకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక తల్లి లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది తిరుపతి జిల్లా పాకాల దగ్గర ఒక పల్లె. మా పాపకు ఎనిమిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. నెలలు నిండకుండా పుట్టింది, మెదడులో కాళ్ళను నడిపించే భాగం దెబ్బతింది. మాట బాగుంది, చదువు బాగుంది, ఎక్కాలు నాకంటే వేగంగా చెప్తుంది. కాళ్ళే బిగుసుకుపోయి, నిలబెడితే కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. వాకర్ పట్టుకుని, మునివేళ్ళ మీద వీధి మలుపు దాకా పోగలదు.

మొదట్లో మా అత్త "పుత్తూరుకు తీసకపోదాం, కట్టు కట్టిస్తే సరిపోతాది" అనేది. మా వైపు ఎముకకు ఏమైనా పుత్తూరే కదా. ఇది ఎముక జబ్బు కాదని ఆమెకు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ముందు నాకు అర్థం కావాలి కదా!

పోయిన వేసవిలో అప్పు చేసి పాపను ఒక పెద్ద నగరంలో ప్రైవేటు సెంటర్‌కు తీసుకెళ్ళాం. నడక నేర్పే రోబో ఉందన్నారు. కార్టూన్లలో వచ్చేలాంటి రోబో ఎదురొస్తుందని పాప ఆశ. తీరా చూస్తే ఒక ట్రెడ్‌మిల్, పైనుంచి వేలాడే బెల్టులు, రెండు ఇనుప కాళ్ళు. బెల్టులు ఒంటి బరువు కొంత మోస్తాయి. తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఉన్న మోటార్లు కాళ్ళను వరసగా ముందుకు వేయిస్తాయి. ఎదురుగా తెర మీద ఆట. పాప తన బలంతో కాలు కదిపితే ఆటలో బొమ్మ పరిగెడుతుంది, ఊరికే వేలాడితే ఆగిపోతుంది. పిల్ల బలం పెట్టేకొద్దీ మోటార్ల సాయం తగ్గిస్తూ పోతారు.

గంటకు కిలోమీటరున్నర వేగంతో అరగంట నడిస్తే 750 మీటర్లు. మా పాప అడుగుల లెక్కన వెయ్యికి పైనే. నడుం వంచి చేత్తో కాళ్ళు కదిలించే థెరపిస్టు, ఎంత ఓపిక ఉన్నా, ఒక్క బిడ్డ చేత అన్ని అడుగులు వేయించలేరు. చేసిన పనే వందలసార్లు చేస్తే గానీ మెదడుకు పట్టుబడదు. ఆ యంత్రం గొప్పంతా అక్కడే ఉంది.

వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు వారాలు చేయించాం. మడమ కాస్త నేలకు ఆనింది. వాకర్‌తో మలుపు దాటి ఇంకో రెండిళ్ళ దూరం పోయింది. నడిస్తే అలిపిరి నుంచి ఎక్కిస్తానని నా మొక్కు. ఆ మాట చెబితే అక్కడి డాక్టరమ్మ నవ్వి, "3,550 మెట్లు తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటి మూడు మెట్లు ఎక్కనివ్వమ్మా" అంది.

ఊరికొచ్చిన రెండు నెలలకే మళ్ళీ మునివేళ్ళు. ఇక్కడ వారానికోసారి రావాల్సిన ఫిజియోథెరపిస్టు ఆ రెండు నెలలూ రాలేదు. ఆ అమ్మాయిని తిట్టుకున్నాను కూడా. ఒక్కతే మూడు మండలాలు చూసుకుంటోందని తర్వాత తెలిసింది.

అందుకే ఈ ఉత్తరం. తిరుపతిలో ప్రభుత్వం తరఫున ఇలాంటి రోబో పెట్టించండి. కానీ రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, గదికి తాళం వేసేలా మాత్రం వద్దు. రోబోతో నడిచిన పిల్లలకు వేగం, ఓపిక కొంత పెరుగుతున్నట్టు పరిశోధనల్లో ఉంది. అంతే సమయం మామూలు థెరపీ చేయించిన దానికంటే ఇదే మేలని మాత్రం గట్టిగా తేలలేదు. రెండూ కలిపి చేయాలనే డాక్టర్లు చెప్తున్నారు. పైగా అందరికీ పనికిరాదు. కీళ్ళు పూర్తిగా బిగిసిపోయిన పిల్లలను, తుంటి కీలు బాగా జారిన పిల్లలను అందులో ఎక్కించకూడదు. ముందు ఎక్స్‌రే, ముందు పరీక్ష. అవన్నీ చూసే మనుషులు లేకపోతే అది ఉత్త ఇనుమే. నిజం చెప్పాలంటే, ఉన్న డబ్బు రెండింటిలో ఒక్కదానికే సరిపోతుందంటే, మండలానికొక థెరపిస్టునే ఇవ్వండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఎలాగూ ఉన్నాయి, కొత్త గదులు కట్టక్కర్లేదు.

రెండూ చేయగలిగితే తిరుపతిని మించిన చోటు లేదు. ఆసుపత్రులంటారా, బర్డ్ ఉంది, స్విమ్స్ ఉంది, రుయా ఉంది. పాకాల జంక్షన్‌లో ఒక వైపు బండెక్కితే తిరుపతి, ఇంకో వైపు ఎక్కితే కాట్పాడి. పాపను చంకనేసుకుని ఇన్నాళ్ళూ వెల్లూరు ఆసుపత్రికని ఆ రెండో వైపు బండే ఎక్కువ ఎక్కాను.

పింఛను నెలకు 6,000 వస్తోంది, లేదనను. ఇలాంటి పిల్లల వైద్యానికి కేంద్రం ఇచ్చే నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఉంది, థెరపీకీ వాడుకోవచ్చు. ఆ సంగతి మాకు తెలిసేసరికి పాపకు ఆరేళ్ళు. నెలలు నిండని బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజే ఆ వివరాలున్న కాగితం చేతిలో పెట్టొచ్చు కదా సార్. రోబో థెరపీని సిట్టింగుల లెక్కన ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేర్చండి. నాలుగు వారాలు కూలి మానుకుని బిడ్డతో ఉండే తల్లికి పడుకోను చోటు, రెండు పూటలా భోజనం చూడండి.

చివరగా ఒక చిన్న విషయం. టెండరు రాసేవాళ్ళకు తట్టకపోవచ్చు. లోకోమాట్ లాంటి నడక రోబోల్లో ఇనుప కాళ్ళు రెండు సైజుల్లో వస్తాయి. పిల్లల సెట్ 21 నుంచి 35 సెంటీమీటర్ల పొడవున్న తొడకు, ఆపైన పెద్దవాళ్ళది. పెద్దవాళ్ళ సెట్ ఒక్కటే కొంటే చిన్న పిల్లలు గుమ్మం దగ్గరి నుంచే తిరిగి రావాలి. రెండూ రాయించండి. మా పాప తొడ పొడవు ఇప్పుడు 31 సెంటీమీటర్లు. ఎదిగే వయసు, మీ ఫైలు ఎప్పటికి కదులుతుందో మరి.

ఇట్లు,
పాకాల మండలం నుంచి ఒక తల్లి