వార్షిక నివేదిక: యువజన విభాగం, డ్రైవరు లేని బండి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, వనభోజనాలు ఎప్పటిలాగే చక్కగా జరిగాయి. ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి గనుక వాటి ఊసు ఇక్కడితో సరి. ఈ ఏడు అందరూ అడిగింది పిల్లల బండి గురించే.

మిషిగన్‌లోని ఓక్లాండ్ యూనివర్సిటీలో కాలేజీ జట్లకు జరిగే ఇంటెలిజెంట్ గ్రౌండ్ వెహికల్ కాంపిటీషన్ (డ్రైవరు లేకుండా తమంతట తామే నడిచే బండ్ల పోటీ) 1993లో మొదలైంది. మన పిల్లలు కొందరున్న జట్టుకు సంఘం బ్యాటరీలు కొనిచ్చింది, బండిని నడిపి పరీక్షించడానికి మనుషుల్నిచ్చింది.

పోటీలో బండి నడిచేది కొన్ని నిమిషాలే. గంటకు 5 మైళ్లు మించకుండా, తెల్లగీతల మధ్య పీపాలను తప్పించుకుంటూ పోవాలి. ఈ మాత్రానికి ముందుగా గంటల తరబడి తిప్పి చూడడం దేనికని కార్యవర్గంలోనే కొందరన్నారు. 20 పౌండ్ల బరువు మోయాలన్నది నియమం కాబట్టి సోనామసూరి బస్తా ఎక్కించి పార్కింగ్ లాటులో వదిలారు. మొదట్లో వంక పెట్టడానికి లేదు. ఎండ ముదిరాక కంప్యూటరు పెట్టె కాగిపోయి కెమెరా బొమ్మ ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు, పాత బొమ్మనే నమ్ముకుని నేరుగా పీపా మీదికి పోయింది. 100 అడుగుల నుంచైనా బండిని ఆపే రిమోటు ఉండి తీరాలని నియమం పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. అది పట్టుకున్న పెద్దాయన ఠక్కున నొక్కి, "ఇదేంట్రా, కళ్లు మూసుకుని పరిగెడుతోంది!" అన్నారు. జబ్బు సరిగ్గా అదే. కొత్త బొమ్మ రాకపోతే తనంతట తానే ఆగేలా ప్రోగ్రాము మార్చారు, పెట్టెకు ఫ్యాను బిగించారు.

ఎంత తిప్పినా కొన్ని లోపాలు దొరకవన్నదీ నిజమే. అమెరికాలో డ్రైవరు లేని బండ్లకు పెట్టిన 2004 ఎడారి పందెంలో (డార్పా గ్రాండ్ చాలెంజ్) అందరికన్నా ముందుకెళ్లిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వారి బండి శాండ్‌స్టార్మ్ 7.4 మైళ్లకే చిక్కుకుపోయింది. మరుసటి ఏడు 132 మైళ్ల దారిని 5 బండ్లు పూర్తిచేశాయి, స్టాన్‌ఫర్డ్ వారి స్టాన్లీ గెలిచింది. కార్నెగీ మెలన్ వారి రెండో బండి హైలాండర్ ఇంజను సత్తువ తగ్గి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. కారణం ఒక చిన్న ఎలక్ట్రానిక్ ఫిల్టరని 2017లో గాని తేలలేదు! అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ తొలి డైరెక్టరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారని ఈ సందర్భంగా చెప్పుకోకుండా ఉండలేం.

మన పిల్లల బండి అర్హత పరీక్ష దాటింది, బహుమతి రాలేదు. బియ్యం బస్తా వనభోజనాల పులిహోరకు పనికొచ్చింది. బ్యాటరీల బిల్లులు కోశాధికారి దగ్గరున్నాయి, చూడదలచినవారు చూడవచ్చు. చలికాలం బండిని ఉంచడానికి గరాజులో చోటివ్వగలవారు దీపావళి లోపు చెప్పగలరు.

— కార్యదర్శి